ఒంటరి రంగు, గుంపు రంగు



కొత్తపట్నం ఒడ్డుకు పడవలు చేరే వేళ మీరెప్పుడైనా వెళ్ళారా? ఒంగోలుకు తూర్పున, సరుగుడు తోటలు దాటామంటే ఇక సముద్రమే. వలలోంచి తట్టలో గుమ్మరించిన పీతల్ని కాస్త పరకాయించి చూడండి. కొన్ని బూడిదరంగు, కొన్ని పచ్చనీలం, కాళ్ళ చివర మాత్రం కొంచెం ఊదా. ఎరుపన్నది కాగడా పెట్టి వెతికినా పెద్దగా కనబడదు. అవే పీతల్ని ఇంటికి తెచ్చి, మరిగే నీళ్ళలో వేసి, కాసేపాగి మూత తీస్తే? నిగనిగలాడే ఎరుపు! మనం ఇంకా కారం వెయ్యలేదు, పసుపు వెయ్యలేదు. మరి ఆ ఎరుపు ఎక్కడినుంచి వచ్చినట్టు?

చిన్నప్పుడు ఈ ప్రశ్న నేను బడిలో అడిగాను. "వంటింటి సంగతులు వంటింట్లోనే అడుగు" అన్నారు మాస్టారు. తరగతి అంతా గొల్లున నవ్వింది. ఇంటికొచ్చి అమ్మమ్మనడిగితే, "ఉడికితే ఎర్రబడుతుందే, అంతే!" అంది. అమ్మమ్మ మీద నాకు కోపం రాలేదు. ఆవిడ కనీసం నవ్వలేదు. కాని బడిలో నవ్విన నవ్వు మాత్రం చాలాకాలం గుర్తుంది. తరవాత తరవాత తెలిసిన విషయమేమిటంటే, ఆ ప్రశ్న వంటింటిది మాత్రమే కాదు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు తలలు పట్టుకున్న ప్రశ్న అది. దాని కథే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను.

ముందు రంగంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. ఎండలో అన్ని రంగుల వెలుగూ కలిసి ఉంటుంది. ఏ వస్తువైనా అందులో కొంత మింగుతుంది, మిగతాది వదులుతుంది. ఆ వదిలిన దాన్నే మనం రంగు అంటాం. నీలం చీర నీలాన్ని తయారుచెయ్యదు. నారింజ, పసుపు వైపు వెలుగును మింగేసి నీలాన్ని మనకు వదిలిపెడుతుంది, అంతే. ఈ మింగడాన్నే శాస్త్రంలో శోషణ అంటారు. ఏ వెలుగును మింగాలన్నది ఆ వస్తువులోని అణువు నిర్ణయిస్తుందని మనకు పుస్తకాల్లో చెప్పారు. అది నిజమే, కాని సగం నిజం. అణువు ఒంటరిగా ఉన్నప్పుడు మింగేది ఒకటి, తనవంటి అణువుల గుంపులో చేరాక మింగేది మరొకటి. మనిషి సంగతీ అంతే కదండీ! ఇంట్లో ఒక తీరుగా ఉండే పిల్ల పెళ్ళివారి విడిదిలో పదిమందిలో మరో తీరుగా ఉంటుంది.

దీనికి మన తీరంలోనే పాత సాక్ష్యం ఒకటుంది. అదే నీలిమందు.

ఈ తీరం బట్టలకూ రంగులకూ ఏనాటినుంచో పేరుపడ్డది. కొత్తపట్నానికి ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు పరదేశపు వర్తకులకు అభయమిస్తూ 1244లో శాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని ఏలిన రాణి గురించీ, సాలెగూడంత సన్నని ఇక్కడి బట్టల గురించీ మెచ్చుకుంటూ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవే. ఇంకాస్త పైకి పోతే నిజాంపట్నం. 1600 తరవాత డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ అక్కడికి పరుగెత్తుకొచ్చింది అద్దకం బట్టల కోసమే. ఆ ఇసక నేలల్లో దొరికే చిరివేరు ఎరుపుకు అంత గిరాకీ. ఎరుపుకు చిరివేరైతే నీలానికి నీలిచెట్టు. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులో కలిసింది, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. ఆ పాత నెల్లూరు జిల్లాలోనూ, కడప, కర్నూలు జిల్లాల్లోనూ నీలిసాగు బాగా ఉండేది.

నీలిమందు తీసే పద్ధతి మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. ఆకును తొట్లలో నానబెడతారు. ఊరిన నీళ్ళు కింది తొట్టిలోకి వదిలి, కూలీలు అందులో దిగి తెడ్లతో గంటలకొద్దీ చిలుకుతారు. పసుపుపచ్చగా ఉన్న నీళ్ళు గాలి తగిలేకొద్దీ ఆకుపచ్చగా, తరవాత నీలంగా మారతాయి. అడుగున చేరిన నీలిని కాచి, వడగట్టి, బిళ్ళలుగా కోసి ఆరబెడతారు. అద్దకంలోనూ ఇదే చిత్రం. బానలోంచి తీసిన గుడ్డ ముందు పసుపుపచ్చగా ఉంటుంది, చూస్తూండగానే గాలికి నీలమవుతుంది. గాలిలోని ఆమ్లజని చేసే పని అది.

ఈ నీలి అణువు నిర్మాణాన్ని జర్మనీలో బేయర్ అనే ఆయన 1883 నాటికి తేల్చాడు. 1897లో జర్మన్ కంపెనీ అదే అణువును కర్మాగారంలో చేసి బజారులో పెట్టింది. అక్కడినుంచి మన నీలిసాగు దిగజారింది. 1914 యుద్ధంలో జర్మనీ సరుకు ఆగినప్పుడు కొంచెం తలెత్తిందిగాని మళ్ళీ పడిపోయింది. తొట్లు పాడుపడ్డాయి, చిలికే కూలీలు వేరే పనులు వెతుక్కున్నారు. బానలో వేలు ముంచి, వాసన చూసి, నురుగు చూసి 'ఇప్పుడు దించండి' అని చెప్పగలిగిన అద్దకందారుల కన్ను ఎవరికీ అక్కర లేకపోయింది.

ఆ కన్నుకు తెలిసిన సంగతి ఒకటుంది. ఒకే బానలో ముంచిన రెండు గుడ్డలు కూడా అచ్చంగా ఒకే నీలం కావు. ఒకసారి ముంచితే లేత నీలం, పదిసార్లు ముంచితే చిక్కటి నీలం అని మాత్రమే కాదు, రంగు 'తీరు' కూడా మారుతుంది. ఎందుకని?

నీలిని వేడిచేసి ఆవిరి చేస్తే ఆ ఆవిరి నీలంగా ఉండదు. ఎర్రఛాయ ఊదాగా ఉంటుంది! వెలుగు అలల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. ఊదావైపు 400, ఎరుపువైపు 700 అని గుర్తుపెట్టుకోండి చాలు. ఆవిరిలో, అంటే అణువులు ఒకదానికొకటి దూరంగా ఒంటరిగా ఉన్నప్పుడు, నీలి బాగా మింగేది 540 దగ్గర. కొన్ని ద్రవాల్లో కరిగిస్తే 590 దగ్గర. బిళ్ళగా గట్టిపడ్డాక 650 దాటిపోతుంది. అణువు మారలేదు. ఒక్క పరమాణువు కూడా అటూ ఇటూ కాలేదు. మారిందల్లా ఇరుగుపొరుగు. బిళ్ళలో నీలి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని కూర్చుంటాయి. ఆ చెయ్యి పట్టుకోవడంలోనే ఎర్రఛాయ పోయి మనకు తెలిసిన నీలం వస్తుంది. మనం నీలం అని పిలిచేది ఒంటరి అణువు రంగు కాదు, గుంపు రంగు.

గుంపు మహిమ ఇంకా స్పష్టంగా బయటపడింది 1936లో. అదీ ఫోటోల పుణ్యమా అని.

మీ ఇంట్లో బాగా పాతకాలపు ఫోటో ఏదైనా ఉంటే తీసి చూడండి. ముత్తవ్వ నుదుట కుంకుమ బొట్టు కాటుకబొట్టులాగా నల్లగా ఉంటుంది. ఎర్ర అంచు చీరైతే నల్ల అంచు చీరలాగే కనబడుతుంది. ఆనాటి ప్లేట్లకు ఎరుపు కనబడేది కాదు, అదీ కారణం. వెండి లవణాలు సహజంగా నీలపు వెలుగునే పట్టుకుంటాయి. 1873లో బెర్లిన్‌లో ఫోగెల్ అనే ఆయన ఆ లవణాలకు కొన్ని రంగులు పట్టిస్తే మిగతా వెలుగు కూడా పట్టుబడుతుందని కనిపెట్టాడు. అప్పటినుంచి ఫిలిం కంపెనీలు రకరకాల రంగు అణువులను వెతకడం మొదలుపెట్టాయి. సయనైన్లు అనే రంగుల తరగతి అలా పైకొచ్చింది.

ఇంగ్లండులోని కోడక్ పరిశోధనశాలలో పనిచేసే ఎడ్విన్ జెల్లీ ఒక సయనైన్ రంగును నీళ్ళలో కరిగించి అందులో ఉప్పునీళ్ళు కలిపాడు. మనం పప్పులో వేసుకునే ఉప్పే! ఉప్పు పడగానే రంగు అణువులు నీళ్ళను వదిలి ఒకదానికొకటి దగ్గరగా చేరాయి. అంతవరకు 525 దగ్గర వెడల్పుగా, మసకగా ఉన్న శోషణ పట్టీ మాయమై, 573 దగ్గర సూదిలాంటి సన్నని పట్టీ ప్రత్యక్షమైంది. అదే రోజుల్లో మ్యూనిక్‌లో షైబె అనే ఆయన కూడా స్వతంత్రంగా ఇదే చూశాడు. ఇప్పుడు ఇలాంటి గుంపులను జెల్లీ పేరులోని మొదటి అక్షరంతో జె-గుంపులు అంటున్నారు, కొందరు షైబె గుంపులనీ అంటారు. రంగుల ఫిలిములో వెండి లవణపు రేణువుల మీద పరుచుకుని ఎరుపునూ ఆకుపచ్చనూ పట్టి ఇచ్చింది ఎక్కువగా ఇటువంటి గుంపులే. కొట్టాయి హాల్లో కూర్చుని రంగుల సినిమాలో హీరోయిన్ చీర చూసి ముచ్చటపడ్డామంటే, దాని వెనక ఈ అణువుల వరసలున్నాయన్నమాట.

పట్టీ పక్కకు జరిగిందెందుకు, సన్నబడిందెందుకు? ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిదానికి మూలసూత్రం అప్పటికే ఉంది. రష్యాలో ఫ్రెంకెల్ 1931లోనే చెప్పాడు. గుంపులో వెలుగు పడితే అది ఒక్క అణువు సొత్తుగా ఉండిపోదు, పక్కదానికి, దాని పక్కదానికి పాకుతూ అందరి ఉమ్మడి సొత్తవుతుందన్నాడు. ఆ ఉమ్మడి ఉద్రేకానికి ఎక్సిటాన్ అని పేరు. కోలాటం ఊహించుకోండి. ఒక అమ్మాయి ఒక్కతే కర్రలు ఆడించడం వేరు, పదహారుమంది వలయంలో ఒకే లయకు కర్రలు కలపడం వేరు. వలయంలో 'ఆట ఎవరిది?' అంటే ఎవరి పేరు చెబుతాం? ఆట వలయానిదే.

ఇక అణువులు ఎలా కూర్చున్నాయన్నదాన్నిబట్టి పట్టీ ఎటు జరుగుతుందో తేలుతుంది. 1960ల్లో అమెరికాలో మైకేల్ కాషా ఈ లెక్క అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. వెలుగు తగిలినప్పుడు అణువులో విద్యుత్తు ఈ చివరనుంచి ఆ చివరకు ఊగుతుంది. అణువులు దారానికి గుచ్చిన పొడుగుపూసల్లా తలా తోకా కలిపి ఉంటే, ఒకదాని కొస పక్కదాని కొసను లాగుతుంది, ఊగడం తేలికవుతుంది. అప్పుడు తక్కువ శక్తి చాలు. శోషణ ఎరుపువైపు జరుగుతుంది. ఇవే జె-గుంపులు. అలా కాకుండా అప్పడాల దొంతరలా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటే, ఒకేరకం కొసలు ఎదురుబొదురు పడి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందరూ కలిసి ఊగాలంటే ఎక్కువ శక్తి కావాలి. శోషణ నీలంవైపు జరుగుతుంది. వీటిని హెచ్-గుంపులంటారు. అవే అణువులు, అంతమందే. వరస మారితే రంగు మారింది.

ఇంతవరకు చెప్పిందంతా అచ్చమైన క్రమం ఉన్న గుంపు సంగతి. అటువంటి గుంపు పుస్తకంలో ఉంటుంది గాని లోకంలో ఉండదు. అసలు చిక్కంతా అక్కడినుంచే.

మన కల్లాల్లో మిరపకాయలు ఎండబోస్తాం కదా. ఒకే చేను, ఒకే కోత. అయినా రెండు కాయలు ఒక్క రంగులో ఉండవు. ఒకటి ముదురు, ఒకటి లేత, మధ్యలో తాలు. అణువుల గుంపులోనూ అంతే. ఒక అణువు పక్కన నీటిచుక్క ఉంటుంది, ఇంకొకటి కాస్త వంగి ఉంటుంది, మరొకదానికి ఎడం ఎక్కువ. అందుచేత ఒక్కొక్కటి మింగే వెలుగు ఒక్కొక్క రవ్వ తేడాగా ఉంటుంది. ఈ ఎగుడుదిగుడు వల్ల శోషణ పట్టీ వెడల్పవుతుంది, మసకబారుతుంది. ఒంటరి అణువుల ద్రావణంలో మనకు కనిపించే వెడల్పులో కొంత భాగం ఇదే.

మరి గుంపులో చేరితే పట్టీ సూదిలా సన్నబడిందేం? ఎగుడుదిగుడు గుంపులోనూ ఉంటుంది కదా! దీనికి జవాబు మన గుప్పెట్లోనే ఉంది. బియ్యం గుప్పెడుతో కొలిచి పొయ్యండి. ఒక గుప్పెడు కాస్త ఎక్కువ వస్తుంది, ఒకటి కాస్త తక్కువ. కాని వంద గుప్పెళ్ళు పోసి సగటు చూస్తే ఆ తేడాలు ఒకదానితో ఒకటి చెల్లిపోతాయి. లెక్క ప్రకారం సగటులో తేడా పదో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే వందకు వర్గమూలం పది. గుంపులో ఎక్సిటాన్ వంద అణువుల మీద పరుచుకుని ఉంటే, అది ఏ ఒక్కదాని లోటునూ చూడదు, వందమంది సగటునే చూస్తుంది. కనుకనే పట్టీ సన్నబడుతుంది. ఈ లెక్కను క్నాప్ అనే ఆయన 1984లో స్పష్టంగా వేసి చూపించాడు. పట్టీ వెడల్పు కొలిస్తే ఎంతమంది కలిసి ఆడుతున్నారో దాదాపుగా చెప్పెయ్యవచ్చు.

అయితే దీనికీ ఒక హద్దుంది. ఎగుడుదిగుడు మరీ ఎక్కువైతే ఉమ్మడి చెదిరిపోతుంది. కోలాటంలో పదహారుమందీ పదహారు లయలు పడితే ఇక వలయమెక్కడ? ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు వాళ్ళలో వాళ్ళే కర్రలు తట్టుకుంటారు. క్రమం చెడిన చోట అలలు చిక్కుపడి నిలిచిపోతాయని ఫిలిప్ ఆండర్సన్ 1958లో చెప్పాడు. దానికి ఆయనకు 1977లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆయన చెప్పింది లోహాల్లాంటి వాటిలో ఎలక్ట్రాన్ల గురించి. కాని అదే సూత్రం మన రంగుల గుంపులకూ వర్తిస్తుంది. లక్ష అణువులు వరసగా ఉన్నా, ఎక్సిటాన్ పరుచుకునేది కొన్ని పదులమీదో, మహా అయితే వందమీదో.

రెండో చిక్కు కంపనాలు. అణువు రాతిబొమ్మ కాదు. దానిలోని పరమాణువులు స్ప్రింగులతో కట్టినట్టు ఎప్పుడూ అదురుతూనే ఉంటాయి. ఈ అదురును వెలుగుతోనే పసిగట్టవచ్చని 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ చూపించాడు. ఆయన చదువుకున్న రోజులు కొన్ని విశాఖపట్నంలో గడిచాయన్నది మీకు తెలిసే ఉంటుంది. ఆ ఏడాదే ఆయన దగ్గర చేరిన కుర్రవాడు మన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి వాల్తేరులో ఆయన చేసిన పని చాలామందికి తెలియదు. ఒక అణువు ఒంటరిగా అదరడం ఒక లెక్క, అణువులు స్ఫటికంలో వరసలు కట్టి కలిసి అదరడం మరో లెక్క. ఆ వరసలోని అమరికనుబట్టి ఏయే అదురులు వెలుగుకు చిక్కుతాయో, ఏవి చిక్కవో తేల్చే లెక్కను ఆయనా, టి. వెంకటరాయుడూ 1939లో ప్రకటించారు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు వేసిన వాళ్ళిద్దరి గ్రూపు సిద్ధాంతం పుస్తకం పరదేశాల్లో కూడా చదివారు. గుంపులో కంపనం అన్న విషయంలో తెలుగువారి చెయ్యి అలా పడింది.

ఈ అదురుకూ రంగుకూ సంబంధం ఏమిటంటారా? అణువు వెలుగును మింగగానే దాని ఆకారం రవ్వంత మారుతుంది. మారేటప్పుడు ఒక కుదుపు వస్తుంది. వెలుగు ఇచ్చిన శక్తిలో కొంత ఆ కుదుపుకు పోతుంది. అందుకని శోషణ ఒక్క శిఖరంగా కాకుండా, ఒక పెద్ద శిఖరం, దాని పక్కన మెట్లు మెట్లుగా చిన్న శిఖరాలు వస్తాయి. గుంపులో ఇది మారిపోతుంది. జె-గుంపులో ఉద్రేకం వందమంది పంచుకున్నారు కనుక ఒక్కొక్కరి వాటా స్వల్పం. ఎవరికీ ఆకారం మార్చుకోవలసినంత భారం పడదు. కుదుపు తగ్గుతుంది, మొదటి శిఖరం లేచి పక్క శిఖరాలు అణగిపోతాయి. పదిమంది చెయ్యివేస్తే పల్లకి బరువు తెలియదు కదా, అలాగన్నమాట. అప్పడాల దొంతరలో దీనికి తలకిందులు. మొదటి శిఖరం తగ్గి రెండోది పైకొస్తుంది.

ఈ రెండు శిఖరాల నిష్పత్తి చూసి గుంపు లోపలి వరసను చదవవచ్చని అమెరికాలో ఫ్రాంక్ స్పానో, ఆయన సహచరులూ గత రెండు మూడు దశాబ్దాల్లో చూపించారు. అందులో నాకు ముచ్చటగొలిపిన సంగతొకటుంది. దొంతర గుంపు పూర్తి క్రమంలో, మంచి చలిలో ఉంటే, మింగిన వెలుగును తిరిగి ఇచ్చేటప్పుడు మొదటి శిఖరం అసలు కనిపించకూడదు. కాస్త వరస తప్పితే మాత్రం అది తొంగిచూస్తుంది. ఎంత తొంగిచూసిందో కొలిస్తే, వరస ఎంత తప్పిందో తెలుస్తుంది. లోపం దాక్కోలేదు, దానంతటదే మనకు కొలబద్ద అయింది. ప్లాస్టిక్‌లాంటి పలచటి పొరలతో ఎండనుంచి కరెంటు తీసే పలకలు చేసేవారికి ఈ కొలత ఎంతో అక్కరకొస్తోంది.

ఇప్పుడు పొలంలోకి వెళ్దాం. పత్తి ఆకైనా మిరప ఆకైనా, ఎండను మింగేది పత్రహరితం. ఒక్క ఆమ్లజని అణువు పుట్టాలంటే దాని వెనక రెండున్నర వేల పత్రహరిత అణువులున్నట్టు లెక్క వస్తోందని 1932లో ఎమర్సన్, ఆర్నాల్డ్ అనే ఇద్దరు కొలిచారు. అంటే ప్రతి అణువూ సొంతంగా వంట చెయ్యదు. వేలమంది ఏరుకొచ్చిన పుల్లలు ఒక్క పొయ్యికి చేరతాయి. చేరవేసే పద్ధతి మళ్ళీ ఈ గుంపుల పద్ధతే. 1995లో ఒక జాతి బాక్టీరియాలోని అమరికను ఎక్స్ కిరణాలతో చూస్తే, పద్ధెనిమిది అణువులు ఒక వలయంగా, మరో తొమ్మిది ఇంకో వలయంగా కనబడ్డాయి. అచ్చం కోలాటమే!

ఆకులో మాత్రం అణువులన్నీ ఒక్క తీరుగా లేవు. ఒక్కొక్కటి ప్రోటీనులో ఒక్కొక్క మూల కూర్చుని, ఒక్కొక్క రవ్వ తేడా వెలుగును మింగుతుంది. ఇది లోపమా? కాదు. అన్నీ ఒకటే అయితే ఎండలో ఒక్క సన్నని ముక్కనే పట్టుకునేవి. తేడాలున్నాయి కాబట్టే వల వెడల్పయింది. అంతే కాదు, పై మెట్టునుంచి కింది మెట్టుకు శక్తి జారడానికి వాలు ఏర్పడింది. జారేటప్పుడు మిగిలిపోయే శక్తిని ఎవరో ఒకరు తీసుకోవాలి, లేకపోతే అది మళ్ళీ వెనక్కి పోతుంది. ఆ పని చేసేది కంపనాలు. మెట్ల తేడా కంపనాలు, మోతాదులో ఉన్న ఎగుడుదిగుడు, రెండూ కలిసి శక్తిని పొయ్యిదాకా నడిపిస్తాయి. మరీ క్రమమైనా శక్తి దారి తప్పుతుంది, మరీ చెదిరినా ఎక్కడో ఇరుక్కుంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు కథ కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. 2007లో అమెరికాలో కొందరు ఒక ఆకుపచ్చ బాక్టీరియా ప్రోటీనును గడ్డకట్టే చలికన్నా ఎంతో కింద, చిటికెలో కోట్లకోట్లవ వంతు కాలమంత పొట్టి వెలుగు తునకలతో పరీక్షించారు. ఉద్రేకం చాలాసేపు అలలా లయ తప్పకుండా ఊగుతున్నట్టు సంకేతాలు కనిపించాయి. ఇంకేముంది, ఆకులు క్వాంటం గణితం చేస్తున్నాయని పత్రికలన్నీ మోతెక్కించాయి. తరవాత ఇంకా జాగ్రత్తగా కొలిచారు. ఆ ఎక్కువసేపు నిలిచిన ఊపు చాలావరకు అణువుల కంపనాలదేనని, ఉమ్మడి ఉద్రేకపు లయ మామూలు వేడిమిలో ఎంతో త్వరగా చెదిరిపోతుందని తేలింది. 2020లో ఆ రంగంలోని పెద్దలు చాలామంది కలిసి ఈ మాటను సూటిగా రాసి పెట్టారు. గొప్పగా చెప్పుకున్న మాటను నలుగురిలో సరిదిద్దుకోవడం చిన్న విషయం కాదు. మనం మన ఇళ్ళలో చేస్తున్నామా అంటే, నేను ముందు తల వంచుకోవాలి.

ఇక పీత దగ్గరకు వద్దాం. దాని ఎరుపుకు కారణం ఆస్టాక్సాంథిన్ అనే పదార్థం. జర్మనీలో కూన్ అనే రసాయన శాస్త్రవేత్త 1938లో దీన్ని పీత చుట్టమైన లాబ్‌స్టర్‌లో గుర్తించాడు. మన మిరపకాయ ఎరుపు క్యాప్సాంథిన్. దాన్ని 1927లో హంగరీలో జెక్‌మైస్టర్, చోల్నోకీ విడదీశారు. రెండూ ఒకే కుటుంబం, కెరోటినాయిడ్లు. కొత్తపట్నం పీతకూ వెనకవున్న మిరపచేలకూ అలా చుట్టరికముంది! పీత ఆ ఎరుపును తనంతట తాను పుట్టించలేదు, తిన్న తిండిలోంచి తెచ్చుకుంది. తెచ్చుకుని పెంకులో ఒక ప్రోటీను గుప్పెట్లో దాచింది. ఆ గుప్పెట్లో రంగు అణువు వంపులు తీసి సాగదీసినట్టు ఉంటుంది. పక్కనే మరో రంగు అణువు ఆనుకుని ఉంటుంది. ప్రోటీను పట్టూ, పక్క అణువు పొందూ కలిసి, 480 ప్రాంతంలో మింగవలసినదాన్ని 600కు పైకి తోసేస్తాయి. అందుకే పీత నీలం. ఆ ప్రోటీను ఆకారాన్ని ఇంగ్లండులో 2002లో గాని బయటపెట్టలేకపోయారు. పట్టుకు ఎంత వాటా, పొందుకు ఎంత వాటా అన్న వాదన ఆ తరవాత కూడా నడిచింది. నీళ్ళు మరిగినప్పుడు ప్రోటీను పట్టు సడలుతుంది, గుడ్డులో తెల్లసొన గట్టిపడ్డట్టే. గుప్పెడు విడిపోతుంది, రంగు అణువు ఒంటరిదవుతుంది, దాని సొంత ఎరుపు బయటపడుతుంది.

అంటే ఎరుపు ఎక్కడినుంచీ రాలేదు. మొదటినుంచీ అక్కడే ఉంది. ఒంటరైనప్పుడు కనబడింది. నీలిమందుకు ఇది సరిగ్గా ఎదురు. దాని ఎర్రఛాయ ఒంటరితనంలో, నీలం గుంపులో.

చూశారా, బడిలో నవ్విన ప్రశ్నకు జవాబు పూర్తిగా రావడానికి ఎందరు కావలసివచ్చారో! నీలి తొట్లలో దిగిన కూలీలకూ, బాన చూసి రంగు చెప్పిన అద్దకందారుకూ, తాలు ఏరే చేతితోనే కాయ రంగు చెప్పగలిగే మన పల్లెటూరి ఆడవాళ్ళకూ ఈ తేడాలు కంటికి తెలుసు. పేర్లూ లెక్కలూ తెలియవు, అంతే. పేర్లూ లెక్కలూ తెలిసినవారు చాలాకాలం ఆ తేడాలను లోపమనుకుని తీసిపారేశారు. చివరకు ఆ తేడాలలోనే పని ఉందని తేల్చుకున్నారు.

అక్కలూ, చెల్లెళ్ళూ, ఈ ఆదివారం పీతలో రొయ్యలో వండితే మూత తీసేటప్పుడు ఇంట్లో పిల్లల్ని పొయ్యిదగ్గరకు పిలవండి. మగపిల్లల్నీ పిలవండి. 'ఈ ఎరుపు ఇంతదాకా ఎక్కడుందో చెప్పు' అని మీరే అడగండి. తప్పు జవాబు చెప్పినా నవ్వకండి. ఇంతటితో సెలవు.